పదహారు బార్లు

"ఆ లిఫ్టు మధ్యలో ఆగిపోతే నిన్ను ఎవరు దింపుతారే?" అంది అమ్మ.

కూతురు ఇంకా చెప్పులైనా వేసుకోలేదు. లిఫ్టు ఎక్కడో కింది అంతస్తులో ఉంది, ఆగిపోవడానికి ముందు అది కదలాలి కదా. కానీ ఆవిడ భయాల తీరే అంత. మనిషి కంటే ముందు బయల్దేరి, మనిషి కంటే ముందు చేరి, జరగబోయే ప్రమాదం కోసం చాప పరుచుకుని కూర్చుంటాయి. సరే, మెట్ల మీద వెళ్తానంది పిల్ల. తుడిచిన తడి ఇంకా ఆరలేదు, జారతావంది అమ్మ. అయితే ఇంట్లోనే ఉండిపోతానంది పిల్ల. ఈ ఇంట్లో గాలెక్కడ ఆడుతుంది, రోజంతా ఉంటే తల పట్టేస్తుందంది అమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్ల ఫక్కున నవ్వి లిఫ్టెక్కింది.

"చేరగానే ఒక మాట చెప్పు" అంది అమ్మ, మూసుకుపోతున్న తలుపు సందులోంచి.

ఆ ఒక్క మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. పిల్లది కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. ఇదివరకు పనిలోకి చేరగానే "చేరా" అని ఒక ముక్క పంపేది. ఈ మధ్య మానేసింది. అమ్మ ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన మనిషి. ఫోనులో అక్షరాలు వెతుక్కునే ఓపిక లేక, మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడేది. ముందు "చేరావా?" అని ఒకటి. కాసేపాగి "చేరావా లేదా?" అని ఇంకొకటి. ఆ తర్వాత "చేరితే చేరానని చెప్పడానికి నోరు నొప్పా?" అని. చివరికి పొడి దగ్గు దగ్గి "పోనీ, చేరలేదనైనా చెప్పు" అని. అన్నిటికీ అవతల విన్నట్టుగా నీలం గీతలు పడేవి. విననే లేదంటే ఫోను పోయిందనుకోవచ్చు. విని కూడా ఊరుకున్న పిల్ల గురించి ఏమనుకోవాలి? సాయంత్రం నిలదీస్తే, పనిలో ఉన్నానమ్మా అని గదిలోకి దూరి తలుపు వేసుకునేది.

వాళ్ళ నాన్న దూరప్రయాణం బస్సులు నడుపుతాడు, వారానికోసారి ఇల్లు చూస్తాడు. ఆయనకు ఫోన్ చేసి మొత్తుకుంటే, బస్సు నడిపేది నేనూ బ్రేకులేసేది నువ్వూ అని నవ్వేశాడు.

అమ్మ పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఆరబెట్టే యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఫెళ్ళున విదిలించి, మడత మీద మడత వేస్తూ ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. ఆవిడకు ఎదురుగా నిలబడి రెండో కొస పట్టుకునే మనిషిని అందరూ ఇస్త్రీ వదిన అంటారు. మడత పూర్తయ్యేసరికి ఇద్దరి మొహాలూ దగ్గరవుతాయి కాబట్టి, ఆ లాండ్రీలో రహస్యాలన్నీ దుప్పటికో ముక్క చొప్పున చేతులు మారతాయి.

పొద్దస్తమానం దుప్పట్లతో బతికే మనిషి, ఇంట్లో దుప్పట్లు తగ్గుతుంటే కనిపెట్టకుండా ఉంటుందా? మొదట మందపాటి రగ్గు మాయమైంది. తర్వాత బొంత. ఆ వెనకే ముందుగది పరదా. అడిగితే, స్నేహితులకి కావాలంది పిల్ల. స్నేహితులకి పుస్తకం కావాలి, గొడుగు కావాలి, బొంత ఎందుకు కావాలి? ఏ గదిలో పరుస్తున్నారు, ఎవరు పడుకుంటున్నారు?

ఈలోగా అంతకు మించిన మాట చెవిన పడింది. బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తుంటే, గదిలో పిల్ల ఫోనులో ఎవరితోనో హుషారుగా చెబుతోంది, నిన్న ఒక్క సాయంత్రంలోనే పదహారు బార్లు కానిచ్చేశానని. ఇంకో ఎనిమిది మిగిలాయట. అవి కూడా అయిపోతే శుక్రవారం డ్రాపట. అమ్మ చేతిలో చొక్కా కారుతూనే ఉంది. పాదం తడిసి ముద్దయ్యేదాకా ఆవిడకు తెలియలేదు.

మర్నాడు దుప్పటి విదిలిస్తూ వదినకు చెప్పేసింది. చెప్పకపోతే గుండె ఆగేట్టుంది మరి.

"పదహారా?" అంది వదిన, కొస వదలకుండా. "మా ఆయన మంచి జోరు మీదున్న రోజుల్లో కూడా మూడు దాటలేదమ్మా."

డ్రాప్ సంగతి కూడా వదినే విడమరిచింది. డ్రాపంటే బండి మీద దింపడం. అన్ని బార్లు తిరిగిన మనిషిని ఎవరో ఒకళ్ళు ఇంటి దగ్గర దింపాల్సిందే కదా, నడిచి రాలేదు కదా అని తేల్చింది. అమ్మకు అంతా అతికినట్టు సరిపోయింది. సరిపోయినందుకే ఇంకా భయం వేసింది.

కానీ ఒక్క పిసరు మాత్రం అతకలేదు. ఆ సాయంత్రం పిల్ల రాగానే, జడలో ఏదో ఉందన్న వంకతో దగ్గరికి లాక్కుని గట్టిగా ముక్కుతో పీల్చి చూసింది. మందు వాసన లేదు. సొంత ఇంటి బొంత వాసన, దాంతో కాస్త దుమ్ము. గొంతు మాత్రం బొంగురు. పిల్ల ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, మధ్యలో వేళ్ళతో తలుపు చెక్క మీద టకటకలాడించుకుంటూ, తనలో తాను నవ్వుకుంటోంది. తాగినవాళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారా? తెలుసుకోవాలన్న దురద అప్పుడు మొదలైంది అమ్మకు. భయమైతే ఇంట్లో కూర్చోబెడుతుంది గానీ దురద కూర్చోనివ్వదు.

పిల్లకు మధ్యాహ్నం సెలవు దొరికే రోజు చూసుకుని, తనూ లాండ్రీలో ముందే బయటపడింది. కళ్ళజోళ్ళ దుకాణం ఎదురుగా మందుల షాపు నీడలో నిలబడి, పిల్ల ఎక్కిన బస్సే ఎక్కింది. ఒక లావుపాటి మనిషి వెనక సీట్లో నక్కి కూర్చుంది. ఆయన దిగిపోతే ఏమిటి గతి అని దారంతా బెంగ. ఆయన దిగలేదు. టైర్ల దుకాణం దగ్గర పిల్ల దిగి, పక్క సందులోంచి ఇనుప మెట్లెక్కి మేడ మీద గదిలోకి వెళ్ళింది. అమ్మ కింద నిలబడి ఆ మెట్లు చూసింది. తుప్పు. ఒక మెట్టు ఊడినా నడుం విరుగుతుంది. కమ్మీ గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో నొక్కి చూసుకుంటూ ఎక్కింది.

తలుపు అవతల ధబ్, ధబ్ అని మోత. లాండ్రీలో యంత్రం తిరిగినట్టే ఉంది. చెవి ఆనించింది.

"చేరావా?" అంది లోపల్నించి ఒక గొంతు.

చేరాను అనబోయి నోరు మూసుకుంది. అది తన గొంతే. తలుపుకి అటు నుంచి తననే ఎవరో అడుగుతున్నట్టుంది. "చేరావా లేదా?" అంది మళ్ళీ ఆ గొంతు. ఆ వెనకే తన పొడి దగ్గు. మోత ఆ దగ్గుని కూడా తనలో కలుపుకుని సాగిపోయింది. ఇక ఆగలేక తలుపు తోసేసింది.

ఎదురుగా తన రగ్గు. పక్క గోడకి తన బొంత. కిటికీకి ముందుగది పరదా. పడుకోవడానికి పరిచినవి కావు, గోడలకి మేకులు కొట్టి వేలాడదీసినవి. గది మధ్యలో ఒక మైకు, దాని ముందు ఇనుప చట్రానికి సాగదీసి కట్టిన పాత మేజోడు. అది కూడా తమ ఇంటిదే. మైకు ముందు పిల్ల నోరు తెరుచుకుని నిలబడింది. మూలన కంప్యూటర్ దగ్గర, చెవులకి పెద్ద డిప్పలు తగిలించుకున్న సన్నపాటి కుర్రవాడు గబుక్కున లేచాడు. వాణ్ణి అందరూ సైలెన్సర్ అంటారని ఆవిడకు తర్వాత తెలిసింది. ఒకప్పుడు కింద షెడ్డులో బండ్లకి సైలెన్సర్లు బిగించేవాడు, పైగా అడిగితే తప్ప నోరు విప్పడు.

"ఏవే ఆ బార్లు?" అంది అమ్మ. అంతసేపూ కూడబలుక్కున్న తిట్లన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

పిల్లకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. ఆ నవ్వుల మధ్యలోనే సంగతంతా చెప్పుకొచ్చింది. తను ర్యాప్ పాటలు కడుతోంది. డ్రాపంటే పాటని జనంలోకి వదలడం.

"జనం బారులు తీరి నిలబడతారు చూడమ్మా, ఆ బారే అనుకో. మాటలు అలా వరసకట్టి, నాలుగు దెబ్బలకి సరిగ్గా సరిపోతే ఒక బారు. తాగేదేం లేదు, ఉప్పునీళ్ళు తప్ప."

దుప్పట్లు లేకపోతే గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుందట. అమ్మ బొంతని చేత్తో తడిమి చూసింది, మైకు దగ్గరికెళ్ళి మేజోడు వేలితో నొక్కింది, ఇదెందుకని అడిగింది. ప, బ అన్నప్పుడు గాలి తన్నకుండా అని సైలెన్సర్ చెప్పాడు. అమ్మ దాని ముందు మొహం పెట్టి మెల్లిగా "ప" అని చూసింది. కంప్యూటర్ మీద చిన్న గీత లేచి పడుకుంది. ఆవిడకు ఎందుకో ఇంకోసారి అనాలనిపించింది గానీ, కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి ఊరుకుంది. తెర మీద పాట పేరు ముందు గోల అని రాసి ఉంది. గోల ఎవరని అడిగింది.

"నేనే. చిన్నప్పట్నించీ 'ఏంటే ఆ గోల' అనే కదా నన్ను పిలిచావు. అదే పెట్టుకున్నా."

కొత్తగా వస్తున్న ర్యాపర్ల పాటలు శుక్రవారం శుక్రవారం ఒకచోట పెట్టే ఛానెల్ ఉందట. వందలమంది పంపితే ఈసారి గోలకి చోటు దొరికిందట. ఇవాళ చీకటి పడేలోపు పాట చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకళ్ళది. చెబుతూ చెబుతూ పిల్ల పాట పెట్టింది. మోత మొదలైంది. దాని మీద పిల్ల గొంతు, ఇంట్లో ఎప్పుడూ విననంత తీరుబడిగా, నిటారుగా:

"లిఫ్టెక్కితే ఆగుతుందంటావు, మెట్లెక్కితే జారతానంటావు
ఇంట్లో ఉంటే గాలాడదంటావు, బయటికెళ్తే గాలి పడదంటావు
భయమంతా నువ్వే పడితే నా వాటా ఏదమ్మా
కాస్త నాక్కూడా మిగల్చు, నేనూ పెద్దదాన్నే కదమ్మా"

ప్రతి నాలుగు వరసల తర్వాతా అమ్మ గొంతు. చేరావా. చేరావా లేదా. నోరు నొప్పా. అన్నీ ఫోనులో పంపినవే. చివర్న ఇంకోసారి "చేరావా?" అని వచ్చి, ఆ తర్వాత ఏమీ లేదు. మోత ఒక్కటే కాసేపు ఖాళీగా నడిచి ఆగిపోయింది.

తన గొంతు అలా ఉంటుందని ఆవిడకు తెలియదు. ఆశ్చర్యంగా, కాస్త బాగానే కూడా ఉంది. కానీ ఆ వెనకే అసలు ప్రశ్న వచ్చి కూర్చుంది.

"ఇన్నిసార్లు అడిగితే విన్నావు కదే. మరి జవాబెందుకు ఇవ్వలేదు?"

పిల్ల నవ్వు ఆగిపోయింది. కింద పరిచిన తివాచీ దారం గోరుతో లాగుతూ చెప్పింది. "మొదటి రోజు నిజంగానే పనిలో ఉన్నానమ్మా. నువ్వేమో అడుగుతూనే ఉన్నావు, ఒక్కోసారి ఒక్కోలా. వింటుంటే అది దానికదే తాళంలో ఉంది. జవాబిస్తే నువ్వు ఊరుకుంటావు కదా. అందుకని తర్వాత ఇవ్వలేదు."

ఎదురుచూపుల్లో పాలు పొంగించుకున్న పొద్దుటిపూటలన్నీ గుర్తొచ్చాయి అమ్మకు. ఆసుపత్రి దుప్పటి మీద మరక కనబడ్డప్పుడల్లా ఎవరి పిల్లదో అని ఫోను తీసి చూసుకునేది.

"నేనక్కడ చచ్చి బతుకుతుంటే, నువ్విక్కడ నా గొంతు పోగేసుకుంటున్నావన్నమాట" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది పిల్లకు.

"ఆంటీ" అన్నాడు సైలెన్సర్, అడక్కుండానే. "మీరు సరేనంటేనే పంపుతాం. వద్దంటే మీ గొంతు తీసేస్తాం."

"తీసేస్తే అందులో పాటేం మిగలదమ్మా" అంది పిల్ల నేల చూపులు చూస్తూ.

అమ్మ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. వెళ్ళిపోతున్న మనిషి అడిగే మాట కాదు అది, అయినా అడక్కుండా ఉండలేకపోయింది. చివర్న ఆ ఖాళీ ఏమిటంది. అక్కడ నేను జవాబు చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పినా దొంగజవాబులా వినబడుతోంది, అందుకే వదిలేశామంది పిల్ల. సరేనని గానీ వద్దని గానీ అనకుండా అమ్మ ఇనుప మెట్లు దిగిపోయింది. ఊడతాయేమోనని ఈసారి చూసుకోలేదు.

బస్సెక్కాక ఫోను గుర్రుమంది. చెవి దగ్గర పెట్టుకుంది. "అమ్మా, కోపమా?" అంటోంది పిల్ల. నీలం గీతలు పడి ఉంటాయి. పడనీ. ఆవిడ జవాబివ్వలేదు. మళ్ళీ గుర్రుమంది. బస్సు దొరికిందా అని. ఆ వెనకే ఇంకోటి, తలుపు పక్కన నిలబడకు, లోపలికి జరిగి కూర్చో అని. అమ్మ నిజంగానే తలుపు పక్కనే నిలబడి ఉంది. చుట్టూ చూసుకుని లోపలికి జరిగింది.

జవాబివ్వకుండా వినడం ఎలా ఉంటుందో ఆవిడకు ఇదే మొదటిసారి. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కన ఇంకేదో ఉంది. ఒక మనిషి తన గురించి అంతలా హడలిపోతుంటే, ఆ హడలు చెవికి వెచ్చగా తగులుతోంది. ఇంకోటి వస్తే ఎలా అడుగుతుందో చూడాలనిపించింది. దీనికా నా పిల్ల కక్కుర్తి పడింది అనుకుంది. వేలు తన ప్రమేయం లేకుండా ముందు సీటు కమ్మీ మీద తడుతోంది, నాలుగేసి దెబ్బలు.

ఇంటి కింద లిఫ్టు తలుపు తెరిచి ఉంటే ఎక్కేసింది. ఎక్కాక గానీ గుర్తు రాలేదు తనెప్పుడూ లిఫ్టెక్కదని. పైకి పోతుంటే ఫోను మళ్ళీ గుర్రుమంది.

"చేరావా?"

తాళం తీసింది. చెప్పులు విడిచింది. పరదా లేని కిటికీలోంచి ఎర్రటి ఎండ గదంతా పడుతోంది. ఇంకాసేపట్లో చీకటి పడుతుంది. కుర్చీలో కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"చేరావా లేదా?" 'రా' దగ్గర గొంతు పైకి లేవడం అచ్చం తనలాగే.

ఎండ గోడ మీదికి జరిగింది. తర్వాత పిల్ల గొంతే, ఈసారి బొంగురుగా, తాళం గీళం ఏమీ లేకుండా: "పోనీ, చేరలేదనైనా చెప్పమ్మా."

అమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి, తీసి, కిటికీ బయట ఇంకా ఎంత వెలుగుందో చూసింది. ఎండ గోడ దాటిపోయింది. అప్పుడు వేలు మళ్ళీ పెట్టి గట్టిగా నొక్కిపట్టింది. ముందు దగ్గొచ్చింది. అది తగ్గేదాకా ఆగింది.

"చేరాను. లిఫ్టులోనే వచ్చాను, ఎక్కడా ఆగలేదు. ఆ ఖాళీలో ఇది పెట్టుకో. దగ్గు మాత్రం తీసెయ్. చీకటి పడక ముందు నువ్వు కూడా బయల్దేరు, చేరగానే జవాబు చెప్పు."