మంచం కింద నుంచి పోయే సంచి

మా దీవెనమ్మ వదిన సంచి సర్దుతుంటే పనులు మానుకుని చూడాలనిపిస్తుంది. ఇద్దరు మనుషులు అడవిలో ఉండి రావడానికి కావలసినదంతా ఒక గుడ్డ సంచిలో పట్టిస్తుంది. పట్టించాక కూడా సంచి పొట్ట ఉబ్బినట్టు కనపడదు. నేనైతే భీమిలిలో మా అమ్మ దగ్గరికి పోయి రావడానికే ట్రంకు పెట్టె, బుట్ట, చేతి సంచి మోసుకెళ్ళి, బస్సు కదిలాక ఏదో మర్చిపోయానని గుండెలు బాదుకునే మనిషిని.

వదిన మా ఆయన సుందర్ రాజ్‌కి అక్క. ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. విశాఖపట్నం మద్దిలపాలెం బస్సు డిపో వెనక మా ఇంట్లోనే ఉంటుంది. ఏటా క్రిస్మస్ పోయాక మా చర్చి ఆడపిల్లల్ని కొందరిని కిరండోల్ పాసింజరు ఎక్కించి, బొర్రా స్టేషను దగ్గర దింపి, కొండ దిగువన ఉన్న ఒక చిన్న గుహలోకి తీసుకెళ్ళి చూపిస్తుంది. పేరున్న పెద్ద గుహ కాదది. పాక్కుంటూ పోవలసిన చోట్లు ఉంటాయట. అంతా పోర్టు కలాసీల పిల్లలూ, ఆస్పత్రి ఆయాల పిల్లలూ. డేరాలూ, తోలు బూట్లూ కొనుక్కోగలిగిన వాళ్ళు కారు. అందుకే ఆ సామానంతా వదిన తన చేత్తోనే తయారు చేస్తుంది.

ఎరువు బస్తాల లోపల పాలిథీన్ సంచులుంటాయి కదా, వాటిని పోర్టులో పనిచేసే మా ఆయన చేత తెప్పించి, కడిగి, ఆరేసి, కోసి పరుస్తుంది. రెండు అంచులూ కలిపి మడిచి, రంపం బ్లేడు ఆనించి, కొవ్వొత్తి మంట అంచు వెంట పోనిస్తే రెండూ కరిగి అతుక్కుంటాయి. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఒకటి కిందికి, ఒకటి పైకి. అదే డేరా. తాళ్ళంటే ఫిషింగ్ హార్బర్లో వలలు బాగు చేసేవాళ్ళు పారేసిన నైలాను ముక్కలు. పాత సైకిలు ట్యూబుని గుండ్రంగా ముక్కలు కోసి, చుట్టిన ప్రతి దానికీ అదే వేస్తుంది. వాన జల్లులో పుల్లలు అంటుకోకపోతే ఆ రబ్బరు ముక్క ఒకటి వెలిగిస్తే చాలు, పొగ కక్కుతూ మండుతుంది. అగ్గిపుల్లల తలలు కొవ్వొత్తి మైనంలో ముంచి మాత్రల సీసాలో పెడుతుంది. టార్చిలైటులో ఒక బ్యాటరీ తిరగేసి పెడుతుంది, సంచిలో మీట నొక్కుకున్నా వెలిగి అరిగిపోకుండా. గుహలో తల కప్పుకి కొట్టుకుంటుందని చుట్టకుదురు తల మీద పెట్టి రుమాలుతో బిగించి కట్టిస్తుంది. నీళ్ళ బిందెలు మోసే చుట్టకుదురుకి ఈ ఉపయోగం ఉందని మా అమ్మకి చెప్తే నమ్మలేదు.

డబ్బాలో డబ్బా, ఆ డబ్బాలో బియ్యం, ఆ బియ్యంలో ఉప్పు పొట్లం. ఖాళీ గిన్నె మోసేవాడు గాలిని మోస్తున్నట్టే అంటుంది వదిన.

ఇన్నేళ్ళూ మా చర్చి అయ్యగారి భార్య తోడు వెళ్ళేది. అయ్యగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన అయ్యగారూ, సంఘ పెద్దలూ కూర్చుని, ఎదిగిన పిల్లలు బయట నిద్ర చేసి రావాలంటే పెళ్ళయిన ఆడది ఒకరు కూడా ఉండాల్సిందే, లేకపోతే పంపేది లేదని తీర్మానించారు. వదిన ఎవరింటికి వెళ్ళి అడిగినా ఒకరికి అత్తగారికి నలత, ఒకరికి నెలలు నిండుతున్నాయి. పిల్లలేమో చుట్టకుదుర్లు కుట్టుకుని కూర్చున్నారు. చివరికి వదిన నా వైపు చూసింది. నా చంకలో జయశీల ఉంది, పది నెలల పిల్ల.

నేను వెంటనే ఒప్పుకోలేదు. మా శీలకి కడుపు మెత్తన. తిండి కాస్త మారితే విరోచనాలు పట్టుకుంటాయి. నా పాలు చాలడం లేదని చోడంబలి, అదే రాగి జావ, మొదలెట్టాక గానీ పిల్ల తేరుకోలేదు. అలాంటి పిల్లని కొండల్లోకి, చలిలోకి తీసుకెళ్ళడమా అని మా ఆయనతో అన్నాను. నీకు భయమైతే మానెయ్యి, అక్క ఏమీ అనుకోదు అన్నాడు. అది నిజమే. వదిన ఏమీ అనుకోదు. అందుకే ఒప్పుకున్నానేమో.

సర్దే రోజున నా సంచి నేనే నింపాను. పిల్ల స్వెట్టర్లు, ఫ్లానెల్ గుడ్డలు, గ్రైపు వాటరు, వాము, పసుపు, రబ్బరు షీటు, గిలక, దోమతెర, ఇంకా ఏవేవో. వదిన చూసి నవ్వలేదు. నులక మంచం వాల్చి, దాని కింద నుంచి సంచిని ముందుకి తోసుకుంటూ అటు వైపు తేలమంది. ప్రతి పిల్లకీ పెట్టే పరీక్షే అది. గుహలో ఇరుకు దారిలో సంచి వీపున ఉండదు, మన ముందు పోవాలి, అది ఆగితే వెనకున్న వాళ్ళంతా ఆగిపోతారని చెప్పింది. నేను గుహలోకి రాను కదా వదినా అంటే, అయినా సరే అంది.

నా సంచి మంచం పట్టెకి తట్టుకుని అక్కడే ఆగిపోయింది. నేను వెనక ఇరుక్కున్నాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి, "పిల్లి పోయిందేటి మంచం కిందికి?" అన్నాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న గురువమ్మ పిన్నికి కూడా వినబడేలాగే అన్నాడు.

వదిన నా సంచి కింద కుమ్మరించి, ఒక్కొక్కటీ చేతికిచ్చి ఒకే ప్రశ్న అడిగింది. "ఇది రెండు పనులు సేస్తాదా?"

గిలక ఏ రెండో పనీ చెయ్యదు. దోమతెర చేస్తుంది, పగలు పిల్ల మీద ఈగలు వాలకుండా కప్పొచ్చు. నా పాత నేత చీర నాలుగు పనులు చేస్తుందని వదినే చూపించింది. నడిచేటప్పుడు పిల్లని వీపుకి కట్టుకోవచ్చు, పడుకునేటప్పుడు రెండు కొమ్మలకి ఉయ్యాల వెయ్యొచ్చు, చలేస్తే ఇద్దరికీ దుప్పటి, ఎవరికైనా కాలు బెణికితే చింపి కట్టు. అలా చెప్తూ చెప్తూనే సంచి సగానికి వచ్చింది. నా భయాన్ని తప్పు పట్టలేదు. దాన్ని కూడా మడత పెట్టి ఒక మూల సర్దినట్టే అనిపించింది నాకు. ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు మాత్రం నేను అడగకుండానే పెట్టింది, పిల్లకి విరోచనాలైతే కాచిన నీళ్ళలో కలిపి పట్టడానికి.

తిండి మాత్రం నా వంతు. బరువు లేనిదీ, చెడిపోనిదీ, బలం ఇచ్చేదీ కావాలంది వదిన. అంటే మా భీమిలి వాళ్ళకి ఒకటే తెలుసు, ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. మా అమ్మ కబురందగానే బాగా ఎండినవి ఏరి పంపింది. పిడికెడు వేయిస్తే నలుగురి అన్నానికి సరిపోతాయి. వాటినీ, శీల చోడిపిండి మూటనీ కలిపి ఒకే తిండి సంచి కట్టాం. వదిన దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇన్నేళ్ళలో ఇంత తేలికైన తిండి సంచి పట్టుకోలేదని మెచ్చుకుంది. ఆ మాటకి నేను రోజంతా పొంగిపోయాను.

రైలు సొరంగాల్లో దూరినప్పుడల్లా పిల్లలు కేరింతలు కొట్టారు. శీల నిద్రపోయింది. బొర్రాలో దిగి, గుహకి పైనున్న చదునులో వదిన డేరా లేపింది. లేపింది అనడానికి కూడా లేదు. రెండు చెట్ల మధ్య తాడు లాగి, షీటు వేసి, మూలల్లో గులకరాళ్ళు పెట్టి ముడి వేసింది. అంతే, ఇల్లయిపోయింది. అది చూస్తుంటే నా భయం సగం పోయింది.

అందరం వాగుకి నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి కుక్కలు మా తిండి సంచిని ఈడ్చేశాయి. గుడ్డ చిరిగి ఉంది. నెత్తళ్ళు ఒక్కటి మిగల్లేదు. చోడిపిండి అంతా బురదలో తొక్కి కలిపేశాయి. వదిన డబ్బాల్లో సర్దిన బియ్యం మాత్రం మూతలు బిగించి ఉండబట్టి క్షేమం.

మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. మా భీమిలిలో కుక్కలకి పచ్చి చేపలు అలవాటు. ఇసకలో నెత్తళ్ళు ఆరబోస్తే పక్క నుంచి ముఖం తిప్పుకుని పోతాయి. కాకుల్ని తోలడానికి మనిషిని పెడతాం గానీ కుక్కల కోసం కాదు. ఆ వాసన మా ముక్కులకి వాసనే కాదు. కొండ కుక్కలకి అదెంత పండగో మాకేం తెలుసు.

శీల అప్పుడే లేచి ఆకలికి ఏడుపు మొదలెట్టింది. నా పాలు తాగి, చాలక మళ్ళీ ఏడ్చింది. మధ్యాహ్నం విశాఖపట్నం వెళ్ళే బండి ఉంది. అది పోతే మళ్ళీ రేపే. బియ్యం ఉడికించి పెడదామంటే పిల్లకి ఇంకా అన్నం పడదు.

"వదినా, ఎల్లిపోదాం," అన్నాను.

నేను వెళ్తే పిల్లలంతా వెళ్ళాలి. పెద్దలకిచ్చిన మాట అది. ఎస్తేరు అనే పిల్ల, స్కూలు ఫైనలు చదువుతోంది, వచ్చే ఏడు దాని పెళ్ళి, తల మీది చుట్టకుదురు తీసి ఒళ్ళో పెట్టుకుని వాగు వైపు తిరిగి కూర్చుంది.

వదిన నన్ను బతిమాలలేదు. "బిడ్డ ముందు, గుహ తరవాత. ఎవులూ మొకాలు మాడ్సుకోకండి," అని పిల్లలకి చెప్పి, డేరా ముడులు విప్పడం మొదలెట్టింది.

నేను పిల్లని ఊపుతూ ఆవిణ్ణే చూస్తున్నాను. కోపంగా ఉన్న మనిషి సామాను ఎలా సర్దుతుందో నాకు తెలుసు, నేనే గిన్నెలు ఎత్తి పడేస్తాను. వదిన షీటు మీద గడ్డిపరకలు తుడిచింది. అతుకు మీద మడత పడకుండా మడిచింది. రబ్బరు వేసింది. తాడు మోచేతికి చుట్టి, కొస లోపలికి దోపింది. వచ్చేటప్పుడు మా ఇంట్లో ఎంత శ్రద్ధగా సర్దిందో వెనక్కి పోవడానికీ అంత శ్రద్ధగానే సర్దింది. ఏడాదంతా ఎదురుచూసిన రోజు చేతిలోంచి జారిపోతుంటే, దాన్ని కూడా నలగకుండా మడత పెడుతోంది. ఆ చేతుల్ని చూశాక, నేను ఊరికే నిలబడి ఏడవడం నాకే నచ్చలేదు.

అప్పుడు వినిపించింది, పైన స్టేషను వైపు ఏదో ఇంట్లోంచి తిరగలి తిరుగుతున్న చప్పుడు. గరగరమని. బియ్యం విసిరితే అలా ఉండదు. ఆ చప్పుడు నాకు తెలుసు. పిల్లని వీపుకి కట్టుకుని ఆ చప్పుడు వైపు ఎక్కాను.

రైల్వే గ్యాంగుమాను భార్య, పేరు దేముడమ్మ. వాకిట్లో కూర్చుని చోళ్ళు విసురుతోంది. నేను ఎవరో చెప్పకముందే, "మా కుక్కలకి సముద్రం సేపలు పెట్టి పండగ సేసినోలు మీరేనేటి?" అంది. నా ముఖం చూసి నవ్వు ఆపుకుంది. పిల్లకి ఏం పెడుతున్నానని అడిగింది. చోడంబలి అన్నాను.

"మరైతే ఏడుపేటమ్మా? కొండ మీద చోళ్ళు లేకపోతే ఇంకేడుంటాయి?"

నేను పిండి వేళ్ళ మధ్య నలిపి చూశాను. వాసన చూశాను. కొంచెం నాలిక మీద వేసుకున్నాను. మా ఇంట్లో పిండి కంటే కాస్త నల్లన, అంతే. ఆవిడ ఏమీ అనుకోలేదు, తనకీ పిల్లలున్నారంది. పలచటి గుడ్డలో జల్లించి, నీళ్ళు బాగా మరిగించి, నేను చెప్పినంత పలచగా అంబలి కాచి ఇచ్చింది. ఊది ఊది చల్లార్చి, వేలితో శీల పెదాలకి రాశాను. చప్పరించింది. ఇంకా కావాలని నా వేలు పట్టుకుంది.

నేను దిగి వచ్చేసరికి సంచులన్నీ వరసగా కట్టి ఉన్నాయి. స్టేషనుకి బయల్దేరడానికి పిల్లలు లేచి నిలబడ్డారు.

"ముడులిప్పీ వదినా," అన్నాను. "నానుంటాను. మీరు గుహలోకి ఎల్లండి."

వదిన నా చేతిలో గిన్నె చూసింది, పిల్లని చూసింది. "రేత్రికి పిల్లకి పడకపోతే?"

"ఉప్పూ పంచదారా నువ్వే కట్టినావు కదా. రేపు మల్లీ బండి ఉంటాది."

వదిన నిజంగానా అని కూడా అడగలేదు. పిల్లల వైపు తిరిగి, టార్చిలైట్లలో బ్యాటరీలు సరిగ్గా తిప్పుకోమంది. వాళ్ళు పరిగెత్తి చుట్టకుదుర్లు కట్టుకున్నారు. ఎస్తేరు నా దగ్గరికి వచ్చి శీల పాదం ముద్దు పెట్టుకుని పోయింది.

గుహ మూతి దాకా నేనూ దిగాను. లోపల్నుంచి చల్లటి గాలి, తడి మట్టి వాసన. ఒక్కొక్కరే వంగి లోపలికి పోయారు. వదిన చివర్న వెళ్ళింది. టార్చిలైటు పట్టుకుని, ఒక చేత్తో గోడ తడుముకుంటూ మెల్లగా దిగింది. నేను మనసు మార్చుకుని ఎక్కడ పిలుస్తానోనని వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. నేను అక్కడే ఉంటానని నాకంటే ముందే తెలిసిన మనిషిలా, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి పైన విశాఖపట్నం బండి కూత వేసింది. చక్రాల చప్పుడు కొండంతా నిండి, సొరంగంలోకి పోయి అణిగింది. నేను గుహ మూతి పక్కనున్న రాతి మీద కూర్చుని, మిగిలిన అంబలి శీల నోటికి అందించాను. పిల్ల తాగుతూ ఆ చీకటి వైపే చూస్తోంది.