మన్నికైన టైర్లు

టైర్ల కొట్టాయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ట్రాక్ మీద కారు తోలే సరదా ఉన్నవాళ్లు ఎవరొచ్చినా, ఎంత తొందరలో వచ్చినా, ముందు కౌంటరు ఎదుట ఉన్న స్టూలు మీద కూర్చోవాలి. ఆయన అడిగినవాటికి జవాబులు చెప్పాలి. కారు తేలికా బరువా, ట్రాక్ గరుకా నునుపా, తోలేది పొద్దున చలిలోనా మిట్టమధ్యాహ్నమా, ఒక్కో విడత ఎంతసేపు, ఇంటినుంచి ఆ టైర్ల మీదే వెళతావా లేక అక్కడికి పట్టుకెళ్లి బిగించుకుంటావా. ఇవన్నీ తేలేదాకా ర్యాకు మీది సరుకు కిందికి దిగేది కాదు.

"అన్నిటికన్నా మంచివి ఇవ్వండి సార్, గ్రిప్పు అదిరిపోవాలి" అనే కుర్రాళ్లకి ఆయన ఒకటే చెప్పేవాడు.

"మంచి టైరంటూ ఏదీ లేదు బాబూ. నీకు సరిపడేదీ సరిపడనిదీ, అంతే. చెప్పుల షాపుకెళ్లి అన్నిటికన్నా మంచి సైజు ఇవ్వమంటావా?"

వాళ్లు నవ్వేవాళ్లు, బుద్ధిగా కూర్చునేవాళ్లు. ఆయనకి 'ప్రశ్నపత్రం' అని పేరు కూడా పెట్టారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. తప్పు టైరు కొన్నవాడు మళ్లీ గడప తొక్కడు, సరైనది కొన్నవాడు ఇంకొకణ్ని వెంటబెట్టుకొస్తాడు. ఓపిక కూడా సరుకు లాంటిదేనని, చోటు చూసి ఖర్చుపెడితే గిట్టుబాటవుతుందని ఆయన నమ్మకం.

ఆయన భార్య కొట్టు వ్యాను తోలేది. ట్రాక్ దగ్గర ఆయన దుకాణం పెట్టే రోజుల్లో టైర్లు చేరవేసేది ఆవిడే. దింపేసాక సాయంత్రందాకా పనేమీ ఉండేది కాదు. ఒకసారి అక్కడి కార్ల క్లబ్బు కార్యదర్శి, "ఊరికే కూర్చోవడమెందుకు వదినా, నా కారులో ఓ చుట్టు తిరిగి రండి" అన్నాడు. ఆ కార్యదర్శి మెడలో స్టాప్‌వాచీ నిద్రలో కూడా దిగదని చెప్పుకునేవాళ్లు. అందుకే అందరికీ ఆయన 'గడియారం'. ఆవిడ తిరిగొచ్చాక ఆయన చేతిలోని వాచీలో అంత తక్కువ సమయం చూసి, ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ ఒక చిన్న పాత కారు కొనుక్కుంది. అప్పటికి ఆవిడ జుట్టు సగం నెరిసింది. ట్రాక్ రోజు వస్తే చాలు, తెల్లవారకముందే హెల్మెట్ తుడుచుకుంటూ కనిపించేది. కొట్టాయన కస్టమర్ల ముందు "మా ఆవిడ మిమ్మల్నందర్నీ దాటి పోతుంది" అని గొప్పలు పోయేవాడు. మనసులో మాత్రం ఆ వ్యవహారమంతటికీ ఒకే పద్దు వేసుకున్నాడు: సరదా.

ఆ ఏడు క్లబ్బు తరఫున ఒక పెద్ద పందేనికి జట్టు దింపాలనుకున్నారు. ఒకటే కారు, దాన్ని ముగ్గురు వంతులవారీగా తోలాలి. ఇద్దరు ఖాయమయ్యారు. మూడో చోటు కోసం ఆవిడా, క్లబ్బులోని ఒక పళ్ల డాక్టరూ మిగిలారు. ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ ఎవరి కారు వాళ్లు తోలాలి, ఎవరు తక్కువ సమయంలో చుట్టు పూర్తిచేస్తే వాళ్లకే చోటు.

"ఏవండీ, ఇది నాకు కావాలండీ" అంది ఆవిడ, కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి. కాపురానికి వచ్చాక తనకోసమని ఆవిడ అంత గట్టిగా ఏదీ అడగలేదు. "ఆదివారానికి మంచి టైర్లు వెయ్యండి."

"దానికేం భాగ్యం" అన్నాడాయన. లేచి వెళ్లి ర్యాకు పైవరస నుంచి గట్టి రబ్బరు ట్రాక్ టైర్లు నాలుగూ దింపాడు.

టైర్లు విప్పే మెషిను దగ్గరున్న బావమరిది వెనక్కి తిరిగాడు. "అదేంటి బావా, అక్కకి స్టూలు లేదా? పరీక్ష రాయకుండానే పాసు చేసేస్తున్నావా?"

"ఇంట్లో మనిషికి ప్రశ్నలేంట్రా? ఆవిడ సంగతి నాకు తెలియదా?"

"ఆఁ, బాగా తెలుసు. మొన్న కాఫీలో చక్కెరేసి ఇచ్చావు. ఆవిడ మానేసి ఏడాదైంది."

"నువ్వు ఆ బోల్టుల సంగతి చూడు ముందు."

ఆవిడ నవ్వింది కానీ చూపు టైర్ల మీద నుంచి తియ్యలేదు. "మెత్తవి వేయిద్దామనుకున్నానండీ. అక్కడ చాలామంది..."

"మెత్తవి ఎండలో మైనంలా కరిగిపోతాయి. ఇవైతే మూడేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. టైర్ల విషయంలో నా మాట వినవూ?"

ఆవిడ విన్నది. ఊరంతా వినే మాట, ఆవిడెందుకు వినదు?

ఆదివారం పొద్దున ట్రాక్ మీద మంచు పొగలా పట్టింది. ఎండ ఇంకా మబ్బు చాటునే ఉంది. కొట్టాయన ఒక మూల గుడారం వేసి, టైర్లు దొంతర్లుగా పేర్చి, బేరంలో పడ్డాడు. ఒక పెద్దమనిషి రెండు సెట్లు తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. వెళ్లిపోయి, మళ్లీ వచ్చి, ఒక టైరు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేస్తున్నాడు. అలాంటివాణ్ని అటో ఇటో తేల్చేది ఒక్క మాటేనని కొట్టాయనకి బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడే మొదటి విడత ముగించుకుని ఆవిడ వచ్చింది. హెల్మెట్ చంకలో ఉంది, నుదురు చెమటతో తడిసింది.

"ఏవండీ, కారు జారుతోంది. సబ్బునీళ్ల మీద నడుస్తున్నట్టుంది. ముందు చక్రాలు నా మాట వినడం లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?"

పెద్దమనిషి చెవులు నిక్కబొడుచుకున్నాయి. టైరు మీదున్న చెయ్యి వెనక్కి వెళ్లింది.

కొట్టాయన నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ కోసం కాదు. "టైర్లలో ఏ లోపమూ లేదు. నీ చెయ్యే తొందరపడుతోంది. స్టీరింగ్ కాస్త నెమ్మదిగా తిప్పు, అదే దారికొస్తుంది."

ఆవిడ ఆయన్ని చూసింది. పక్కనున్న మనిషిని చూసింది. "అలాగేనండీ" అని హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

"మీ ఆవిడా? భలే ధైర్యమండీ" అన్నాడు పెద్దమనిషి. రెండు సెట్లకీ బేరం కుదిరింది.

తర్వాతి విడతల్లో ఆవిడ నెమ్మదిగానే తోలింది. పళ్ల డాక్టరు ఆవిడకన్నా చాలా ముందున్నాడు. గడియారం ఫలితం చదివేటప్పుడు ఆవిడ పేరు దగ్గర గొంతు తగ్గించాడు. ఆవిడే ముందుకొచ్చి డాక్టరుతో చెయ్యి కలిపి, "సారీ అండీ, మీ అందరి సమయమూ పాడుచేశాను" అంది. గుడారం తాళ్లు విప్పుతున్న కొట్టాయనకి ఆ మాట వినిపించింది. ఓడినా హుందాగా ఉందే అనుకుని తాళ్లు చుట్టుకున్నాడు.

కొన్నాళ్లకి ఆవిడ అన్నం తింటూ అంది. "ఆ టైర్లు తీసేసి మామూలువి వెయ్యండి. కారు బజారు పనులకి వాడుకుందాం. ట్రాక్‌కి ఇక వెళ్లను."

ఆయన "అయ్యో, అదేంటి" అన్నాడు. కానీ లోపల, ఒక పద్దు మూసేసినట్టు, కాస్త హాయిగానే అనిపించింది. ఆ హాయి తర్వాత ఆయన్ని చాలా రోజులు పీక్కుతిన్నది.

మర్నాడు బావమరిది రాలేదు. ఆయనే కారు జాకీ మీద ఎత్తి, చక్రం విప్పి, వెలుతురులోకి దొర్లించాడు. అలవాటుగా అరచేత్తో టైరు నిమిరాడు. చెయ్యి ఆగిపోయింది.

ట్రాక్ మీద సరిగ్గా పనిచేసిన టైరు ముఖం మాసిపోయి, గరుకు కాగితంలా ఉంటుంది. రాలిన రబ్బరు ముక్కలు అంటుకుని ఉంటాయి. ఇది నిగనిగలాడుతోంది. అచ్చులోంచి తీసినప్పటి సన్నటి గీతలు అలాగే ఉన్నాయి. అంచున కొత్త టైరుకి ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. రెండోది విప్పాడు. మూడోది, నాలుగోది. అన్నీ అంతే. ఆ టైర్లు వేడెక్కనే లేదు. వేడెక్కని గట్టి రబ్బరుకి పట్టు ఉండదు. జారుతోందని ఆవిడ నెమ్మదించేకొద్దీ అవి ఇంకా చల్లబడ్డాయి, ఇంకా జారాయి. నెమ్మదిగా తోలమన్నది తనే.

తేలిక కారు. చలి పొద్దు. చిన్న చిన్న విడతలు. ఆ మూడు మాటలూ చెబితే ఏ కుర్రాణ్నీ ఆయన ఆ టైర్ల దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. ఆ పొద్దున ఒక్కసారి వంగి చెయ్యి వేసినా సరిపోయేది, చల్లగా తగిలేది.

గడియారానికి ఫోను చేశాడు.

"తప్పు టైర్లు వేశాను తమ్ముడూ. ఆవిడ తోలడంలో ఏ లోపమూ లేదు. ఇంకోసారి చూడండి."

"పేర్లు పంపేశాం అన్నా. ఇప్పుడు మార్చడం కుదరదు." తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు నసిగాడు. "ఆ మధ్యాహ్నం ఎండ కాసింది కదా. డాక్టరుగారే అడిగాడు, ఆవిడ రోజూ ఇలా తోలదు, ఇంకో విడత ఇద్దామని. నేను సరేనన్నా. వదినే వద్దంది."

"ఎందుకు?"

"టైర్లలో లోపమేమీ లేదటండీ, మా ఆయన చెప్పారు, నాకే చేతకాలేదు, అంది."

ఆయన ఫోను కౌంటరు మీద పెట్టి నిలబడ్డాడు. ఎవరో ట్యూబు కావాలని వచ్చి, పలకకపోతే వెళ్లిపోయారు.

సాయంత్రం ఆవిడ కారు తీసుకెళ్లడానికి వచ్చింది. నాలుగు టైర్లూ నేలమీద పరిచి ఉన్నాయి. ఆయన దాచలేదు, చుట్టూ తిప్పి చెప్పలేదు. "తప్పు నీది కాదు. నాది. ఇవి నీ కారుకీ, ఆ చలికీ వేసేవి కాదు. ఎవరు తోలినా జారేవే."

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కూర్చుని, వేళ్లతో ఆ రబ్బరు వెంట్రుకల్ని ముట్టుకుంది. ముఖం మీద ఒక్క క్షణం వెలుగులాంటిది వచ్చింది. వచ్చినట్టే పోయింది.

"మరి నాకెందుకిచ్చారు ఇవి?"

"చాలాకాలం మన్నుతాయని."

"చాలాకాలం కావాలని నేనడిగానా అండీ? ఒక్క పూట అడిగాను."

ఎంత మొండి కస్టమరుకైనా ఏదో ఒకటి చెప్పి పంపగలిగే మనిషి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"మెత్తవి వేస్తాను. ఇప్పుడే. వచ్చే ట్రాక్ రోజుకి నేనూ వస్తాను, కొట్టు మూసేసి వస్తాను. నువ్వు తోలు, నేను ప్రతి విడతకీ చెయ్యి వేసి చూస్తాను."

"వేస్తారు, నాకు తెలుసు." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. "కానీ నాకు చేతకాదని నేను నమ్మేశానండీ. అందరి ముందూ ఒప్పేసుకున్నాను కూడా. ఇప్పుడు మలుపు కనిపిస్తే చాలు, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. మీరు టైర్లు మార్చగలరు గానీ, ఈ కాలునేం చేస్తారు?"

"కొన్నాళ్లు పోతే..."

"చూద్దాం లెండి. ముందు మామూలువి వెయ్యండి. బజారు మూసేస్తారు."

ఆయన మామూలు టైర్లు దింపాడు. తనే బిగించాడు, తనే గాలి పట్టాడు, ఒక్కో బోల్టూ రెండోసారి సరిచూశాడు. ఆవిడ గోడకి ఆనుకుని వీధి వైపు చూస్తూ నిలబడింది. పనయ్యాక సంచీ వెనక సీట్లో పడేసి, కారు వెనక్కి తీసి, సందులోకి తిప్పింది.

ఆయన మెట్టు మీద నిలబడి చూశాడు. సందు చివర మలుపు. అటునుంచీ ఇటునుంచీ ఒక్క బండి కూడా రావడం లేదు. అయినా చాలా ముందుగానే కారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కారు మలుపు దగ్గర పూర్తిగా ఆగింది. ఆ దీపాలు ఎంతసేపటికీ ఆరలేదు.