రెండు తలుపుల గది

పెద్ద దేశానికీ, కొత్తగా పెద్దదవుతున్న దేశానికీ అసలు పడడం లేదు. సముద్రంలో ఓడలు ఎదురెదురుగా నిలబడ్డాయి. చివరికి ఇద్దరు అధ్యక్షులూ మధ్యలో ఉన్న ఓ చిన్న దేశంలో, టౌన్‌హాల్లో కూర్చుని మాట్లాడుకుంటామన్నారు. అంతా బాగానే ఉంది కానీ, గదిలోకి ముందు ఎవరు అడుగుపెట్టాలి? ఎప్పుడూ నేనే కదా, అన్నాడు పెద్దాయన. ఆ రోజులు పోయాయి, అన్నాడు కొత్తాయన. చంటిపిల్లలు నయం! గదికి రెండో తలుపు పెట్టించి, ఇద్దరూ ఒకేసారి రావాలని తేల్చారు.

ఆ పని టౌన్‌హాలు వడ్రంగి నెత్తిన పడింది. మామూలుగా అయితే ఇలాంటి పంతాలంటే ఆయనకు ఒళ్లుమంట. కానీ ఒక్కగానొక్క కూతురు సైన్యంలో లారీ నడుపుతోంది. మాటలు బెడిసికొడితే ఆ సాయంత్రమే ఆమె లారీ సరిహద్దుకు కదలాలి. ఆ భయంతో మూడు రోజులు ఒళ్లు హూనం చేసుకుని తలుపు చేశాడు. రంగు భార్య వేసింది. వాళ్లింట్లో చెక్కపని ఆయనది, రంగులపని ఆవిడది.

తీరా ఆ ఉదయం మర్యాదలు చూసే ఆఫీసరు వచ్చి, పాత తలుపు వెలిసినట్టుంది, రెండూ ఒకేలా ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. ఆవిడ గబగబా పాతదానికి ఇంకో పూత వేసింది. ముచ్చటపడి అంచులక్కూడా దట్టంగా పట్టించింది. ఆరకముందే ఆఫీసరు దాన్ని మూయించాడు.

పదింటికి కొత్త తలుపు తెరుచుకుంది. కొత్తాయన దర్జాగా వచ్చి నిలబడ్డాడు. పాత తలుపు మాత్రం కదల్లేదు.

ఏదైనా అవసరం పడుతుందేమోనని మూలన నిలబెట్టిన వడ్రంగికి వెంటనే అర్థమైంది. తడి రంగుకి తలుపు అంటుకుపోయింది!

"నన్ను నిలబెట్టి తమాషా చూస్తున్నాడా?" అంటూ కొత్తాయన కాగితాలు సర్దేసుకుని వెనుదిరిగాడు. అవతల పెద్దాయన, "నా మొహాన తలుపేస్తారా!" అని గోల. రెండో తలుపులోంచి రండి బాబూ అంటే చచ్చినా రానంటాడు.

నోరు విప్పితే తన పరువూ, భార్య పరువూ పోతాయి. పోతే పోనీ అనుకున్నాడు వడ్రంగి.

"ఆగండయ్యా! తప్పు మాది. రంగు తడి మీద మూసేశాం, పట్టేసింది. ఆయన రాననలేదు, తలుపే రానంటోంది."

కొత్తాయన ఆగాడు. "అయితే తియ్యవయ్యా."

"నా ఒక్కడివల్ల కాదండీ. నేను కింద ఉలి దూరుస్తాను. మీరు పిడి పట్టుకుని లాగాలి, బయట ఆయన నెట్టాలి."

భటులు లోపలికి రాకూడదని ఒప్పందం. ఆఫీసరేమో ఫోన్లో పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఇక తప్పక కొత్తాయన కోటు విప్పాడు.

"మూడు అన్నాకే ఇద్దరూ కలిసి," అని అరిచాడు వడ్రంగి. "ఒకటి... రెండు..."

బయటినుంచి ధబ్‌మని చప్పుడు.

"రెండుకే నెట్టేశారేంటండీ! ఏమిటా తొందర? తలుపు చీలిపోదూ?" ఇంట్లో కసిరినట్టే కసిరాడు. ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు.

"సరే, సరే," అంది బయటి గొంతు, బుద్ధిగా.

ఈసారి మూడుకే లాగారు, మూడుకే నెట్టారు. తలుపు ఊడొచ్చినంత పని చేసి తెరుచుకుంది. పెద్దాయన భుజమంతా తెల్లరంగు. కొత్తాయన అరచేతులనిండా తెల్లరంగు. ఒకర్నొకరు ఎగాదిగా చూసుకుని పగలబడి నవ్వారు. గదిలోకి ముందెవరొచ్చారన్న ఊసు ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి ఏదీ తేలలేదు కానీ, రేపు మళ్లీ కూర్చుంటామన్నారు. తలుపు దగ్గర పనిముట్లు సర్దుకుంటున్న వడ్రంగికీ, భార్యకీ కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఇవాళ్టికి లారీలు కదలొద్దన్నారు! రేపటి సంగతి రేపట!"

వడ్రంగికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో ఆఫీసరు దిగబడ్డాడు. "ఆ అంచు చిత్రిక పట్టెయ్. రేపు వేలితో నెడితే తెరుచుకోవాలి."

పది నిమిషాల పని. ముప్పై ఏళ్లలో ఆయన చెయ్యిపడ్డ తలుపు బిగుసుకుందన్నవాళ్లు లేరు. భార్య ఆయనకేసే చూస్తోంది. ఆయన చిత్రికను తీసి సంచిలో పెట్టేశాడు.

"లాభం లేదండీ," అన్నాడు, పెద్దగా నిట్టూర్చి మరీ. "పాత చెక్క కదా. ఇక రోజూ ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిందే."