హార్లన్ గారి ఆమెన్

రెండో స్క్రూ తుప్పు పట్టి ఓ పట్టాన రావడం లేదు. దేవకుమారి స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కుని, పళ్ళు బిగించి తిప్పింది. పేరు పలక ఊడి చేతిలోకి వచ్చింది. అది పాత హెడ్ కోచ్‌ది. ఆటలు ఓడిపోతున్నాడని క్రిస్మస్‌కి ముందే ఆయన్ని పీకేశారు. ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆఫీసులో కోచ్‌లు మారినప్పుడల్లా పలకలు ఊడదీయడం, కొత్తవి బిగించడం ఆమె పనే. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి చేసిన పాపానికి నెత్తిన పడింది.

గుంటూరులో టైపు లోయరూ హయ్యరూ ప్యాసయిన మనిషి. సుందర్ రాజ్‌ని చేసుకుని టెక్సస్ వచ్చింది. ఇర్వింగ్‌లో కాపురం పెట్టి, హైవే మీద డ్రైవింగ్ ఏడుస్తూ నేర్చుకుని, ఈ బల్ల ముందు కూర్చుంది. నడుం లావెక్కింది, కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి. కోచ్‌లు ఆమెను "దేవా" అంటారు. మిగతా పేరుకు వాళ్ళ నోరు తిరగదు. వాళ్ళ తరఫున ఫోన్‌లో లెక్కలేనన్ని అబద్ధాలు ఆడింది. ఒక్కనాడూ గొంతు పెంచలేదు.

కొత్త హెడ్ కోచ్ మెక్రే కాఫీ కప్పుతో వచ్చి ఆమె బల్లకి ఆనుకున్నాడు.

"మనకు మాటిచ్చిన కుర్రాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఏమీ మారలేదని చెప్పు. బుధవారం దాకా అంతే."

బుధవారం అంటే ఎల్లుండి. హైస్కూల్ ఆటగాళ్ళంతా ఏ కాలేజీకి ఆడతారో ఆ రోజున సంతకాలు పెడతారు. అప్పటిదాకా ఇచ్చిన మాట ఉత్త మాటే. దానికి కుర్రాడూ కట్టుబడక్కర్లేదు, కాలేజీ అసలే కట్టుబడదు.

"కిక్కర్‌ని నేను వేరేచోటి నుంచి తెచ్చుకుంటున్నా. వాడు బెసికితే ఈ మణి ఉంటాడు. అందాకా వీణ్ణి ఆశలో ఉంచు" అన్నాడు మెక్రే.

దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది. మణి తమ తెలుగు క్రైస్తవ సంఘంలో రత్నరాజు కొడుకు. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ఆరాధనలో చాప మీద నిద్రపోయే పసివాడిగా వాణ్ణి ఎరుగును. ఇప్పుడు కిక్కర్‌గా బంతిని స్తంభాల మధ్య నుంచి గురి తప్పకుండా తన్నుతాడు. అసిస్టెంట్ కోచ్ హార్లన్ నవంబర్‌లో వాళ్ళింటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని, స్కాలర్‌షిప్ నీదే అన్నాడు. మణి వస్తానన్నాడు. రత్నరాజు ఊరుకున్నాడా? ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాడు. హార్లన్‌ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి, అందరి ముందూ కొడుకు చేత సాక్ష్యం చెప్పించాడు. పాస్టర్ చేత వాడి తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించాడు. మర్నాడు, వాణ్ణి తీసుకోవాలని ఆశపడుతున్న ఆర్కన్సా కాలేజీకి మణి చేతే ఫోన్ చేయించి, రానని చెప్పించాడు. ఇంకే తండ్రయినా రెండో కాలేజీని చివరిదాకా చేతిలో ఉంచుకునేవాడు. దేవుడి సన్నిధిలో మాటిచ్చాక రెండో తలుపు తీసిపెట్టుకోవడం రత్నరాజుకి పాపం.

ఆమె ఫోన్ అందుకుంది. మెక్రే ఇంకా అక్కడే నిలబడి కాఫీ ఊదుకుంటున్నాడు. నిలబడనీ, తెలుగు వీడికేం తెలుస్తుంది అనుకుని నంబర్ తిప్పింది.

"వందనాలు అన్నయ్యా, దేవకుమారిని. జాగ్రత్తగా వినండి. ఇక్కడ మన మణికి స్కాలర్‌షిప్ లేదు. కోచ్‌లు మారిపోయారు. హార్లన్ కూడా వేరే కాలేజీలో జాబ్ చూసుకున్నాడు, ఇవాళే వెళ్ళిపోతున్నాడు."

"అదేంటి చెల్లెమ్మా? ఆయన మాటిచ్చారు కదా. క్రిస్మస్‌కి కార్డ్ కూడా పంపారు."

"ఆ కార్డ్ మీద సంతకం నాదే అన్నయ్యా! అందరికీ నేనే పెడతా. మీరు వెంటనే ఆర్కన్సా వాళ్ళకి ఫోన్ చేయించండి."

అవతల రత్నరాజు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడయింది.

"ప్రార్థన చేసుకుని ఇచ్చిన మాటమ్మా. మనం ఎట్లా తప్పుతాం?"

"మీరు తప్పేదేముంది? ఎవరికిచ్చారో ఆ మనిషే లేడిక్కడ! మీ భక్తికి పిల్లాడి ఆట బలి పెడతారా?"

పెద్దవాణ్ణి అంత మాట అనకూడదని ఆమెకూ తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు. రత్నరాజు నెమ్మదిగా, "మణి స్కూల్ నుంచి రాగానే చేయిస్తా" అన్నాడు.

"ఎవరు?" అన్నాడు మెక్రే.

"మా వాళ్ళు" అంది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

హార్లన్ వెళ్ళిపోతున్నాడన్న కబురు పాకి, కుర్రాళ్ళ ఇళ్ళ నుంచి మధ్యాహ్నమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక తల్లి ఏడ్చింది, ఒక తండ్రి బూతులు తిట్టాడు. తిట్లు తగలాల్సినవాళ్ళు లోపల నవ్వుకుంటున్నారు, పడేది తను. పొద్దు వాలుతుండగా మణి ఫోన్ చేశాడు.

"ఆంటీ, కాల్ చేశా. వాళ్ళు నైస్‌గానే మాట్లాడారు. బట్ వేరే కిక్కర్‌ని తీసేసుకున్నారంట. లాస్ట్ వీక్."

"ఇంకే కాలేజీ లేదా నాన్నా?"

"లేదు ఆంటీ. డాడీ బెడ్‌రూమ్‌లో కూర్చున్నారు. రావట్లేదు బయటికి." ఆఖర్న, "మీరు చెప్పినందుకు థాంక్స్" అన్నాడు.

ఆ థాంక్స్ ఆమె చెంప పగలగొట్టినట్టయింది. లేచి గబగబా నడిచింది. హార్లన్ చివరి అట్టపెట్టె చంకలో పెట్టుకుని వెనక గుమ్మం వైపు పోతున్నాడు. అడ్డం నిలబడింది.

"మణిని మీతో తీసుకెళ్ళండి."

"అక్కడ కిక్కర్ ఉన్నాడు, దేవా. నా చేతిలో లేదు."

"వాళ్ళింట్లో తల వంచి ఆమెన్ అన్నారు మీరు! నేను మీ పక్కనే కూర్చున్నా!"

ఆమె అరుపుకి గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. హార్లన్‌కి కోపం కూడా రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

"అందరి ఇళ్ళలోనూ అంటాను, దేవా. లేకపోతే కుర్రాళ్ళు ఎలా దొరుకుతారు?"

పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. వాడి వెనక పరిగెత్తి ఇంకో నాలుగు అనాలనిపించింది గాని, అంటే వాడికేం తగులుతుంది?

స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళి వాడి గది తలుపు పలక కూడా ఊడదీసింది. లోపల సొరుగులన్నీ లాగేసి ఉన్నాయి. గోడ మీద ఏమీ లేదు. మూలన బల్ల మీద, ఆటల ఫిల్ములు చూసే పాత ప్రొజెక్టర్‌ని మాత్రం వదిలేశాడు. దుమ్ము పడకుండా దాని మీద ఏదో కప్పి ఉంది. అది కూడిక రోజున సంఘమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, రత్నరాజు తన చేతులతో హార్లన్ భుజాల మీద కప్పిన శాలువా. మెరూన్ రంగు, జరీ అంచు. ఒక కొస నేలకు జారి, బల్ల కింద ఒలికిన కాఫీలో తడిసి ఉంది.