గరాజు నుంచి వర్సాయ్ దాకా

పెసరట్టు వేసే మనిషికి వేడి పెసరట్టు తినే యోగం ఉండదు. ఇది ఏ శాస్త్రంలోనూ రాసి లేదు గానీ, ఈ ఇంట్లో గృహప్రవేశం చేసిన దగ్గర్నుంచీ హైమవతి విషయంలో ఒక్కసారి కూడా తప్పలేదు. నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లోని వాళ్ళింటికి నాలుగైదు కుటుంబాలు భోజనానికి వస్తాయి. భర్త శివప్రసాద్‌కి నలుగురూ వచ్చి కూర్చుంటే పండగ. అందులోనూ పెసరట్టు ఉప్మా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అట్టు పెనం మీంచి నేరుగా కంచంలో పడాలని, మధ్యలో హాట్‌ప్యాక్ ముఖం చూస్తే మెత్తబడి చస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం నిలబడాలంటే ఎవరో ఒకరు పెనం దగ్గర నిలబడాలి కదా, ఆ నిలబడేది హైమ.

ఆ పెనం కూడా ఇంట్లో ఉండదు, గరాజులో ఉంటుంది. ఆ వీధిలో మనవాళ్ళ ఇళ్ళన్నీ దాదాపు అంతే. లోపల రాతి బల్లతో, తళతళలాడే కుళాయిలతో ఒక వంటిల్లుంటుంది, అది వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకోవడానికి. పోపు వాసన కార్పెట్‌కి పడితే ఓ పట్టాన వదలదని, అసలు వంటకి గరాజులో రెండు పొయ్యిల స్టవ్ పెట్టుకుంటారు. కారు బయట వానకి తడుస్తుంది, ఇల్లాలు లోపల పొగకి మగ్గుతుంది. అది జూలై నెల, అక్కడ నడి చలికాలం. పొగ పోవాలని షట్టరు సగం ఎత్తితే చలిగాలి కాళ్ళని కోసేస్తోంది. హైమ చుడీదార్ మీద శివప్రసాద్ పాత ఉన్ని కోటు తగిలించుకుని, దాని చేతులు పైకి మడుచుకుని, అట్టు మీద అల్లం ముక్కలు చల్లుతోంది.

కూతురు గీతిక బియ్యం బస్తా మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని చదువుతోంది. పన్నెండో క్లాసు. చరిత్రలో ఫ్రెంచి విప్లవం మీద వచ్చే వారం పరీక్ష. ఇంట్లో గోలగా ఉంది, ఎవరూ లేని చోటు కావాలని గరాజులోకి వచ్చింది. మరి అమ్మ ఉంది కదా అంటే, అమ్మ ఉండటాన్ని ఎవరో ఉన్నట్టుగా ఆ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు.

“అమ్మా, లిజన్ టు దిస్. బ్రెడ్ లేదని మార్కెట్ విమెన్ అందరూ పారిస్ నుంచి వర్సాయ్‌కి నడిచారు. ఇన్ ద రెయిన్! కింగ్‌ని ప్యాలెస్‌లోంచి పారిస్‌కి తీసుకొచ్చేశారు. హౌ కూల్ ఈజ్ దట్?”

హైమకి ఆ సంగతి తెలుసు. పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొత్తలోనూ కాకినాడ కాలేజీలో చెప్పిన పాఠమే. పాఠ్యపుస్తకం ఆ నడకని రెండు వాక్యాల్లో తేల్చేసేది, హైమ మాత్రం గంట చెప్పేది. “మా యానాం చేపల బజారు ఆడవాళ్ళంతా ఓ పొద్దున్న తట్టలు దించేసి, కత్తిపీటలు పుచ్చుకుని, పెద్దదొర బంగళాకి బయల్దేరారనుకోండి” అని మొదలుపెడితే వెనక బెంచీలు కూడా నిద్ర లేచేవి. ఫిరంగి లాక్కుంటూ, బురదలో, తడిసిన గౌన్లతో వాళ్ళు నడిచిన నడక చెబుతుంటే క్లాసులో ఒక నిశ్శబ్దం వచ్చేది. పదహారేళ్ళయినా ఆ నిశ్శబ్దం మీద ఆమెకి మోజు పోలేదు. ఇంట్లో కూడా ఆమె మాట్లాడేటప్పుడు నిశ్శబ్దంగానే ఉంటారు, కాకపోతే అది వినకపోవడం వల్ల.

“తర్వాత ఏమైందో చదివావా?” అంది, అట్టు మడిచి పళ్ళెంలో వేస్తూ.

గీతిక చదివి చెప్పింది. తర్వాత యుద్ధం. చుట్టుపక్కల రాజులంతా ఆ కొత్త రాజ్యం మీద పడ్డారు. మగపిల్లలంతా సైన్యంలోకి, ఆడవాళ్ళంతా డేరాలు కుట్టడానికి, ఆస్పత్రుల్లో సేవకి అని చట్టం చేశారు. వాళ్ళు కుట్టారు, సేవ చేశారు. ఆ ఏడాదే ఆడవాళ్ళు పెట్టుకున్న సంఘాలన్నీ మూయించారు. మరి రెండేళ్ళకి మళ్ళీ తిండి లేక వీధిలోకి వస్తే, ఎవరిళ్ళకి వాళ్ళు పొండన్నారు. అయిదుగురి కంటే ఎక్కువమంది ఆడవాళ్ళు ఒకచోట గుమిగూడితే బలవంతంగా చెదరగొడతామని ఉత్తర్వు వేశారు.

“మోర్ దాన్ ఫైవ్? వాళ్ళే కదా స్టార్ట్ చేసింది. దట్స్ సో రూడ్,” అంది గీతిక.

హైమకి నవ్వొచ్చింది, ఆ వెనకే తన సంగతి గుర్తొచ్చింది. మెల్‌బోర్న్ వచ్చిన ఆరో నెలలో శివప్రసాద్ పనిచేసే కంపెనీ మూతపడింది. అప్పటికి గీతిక చంటిది. రెండేళ్ళు ఆయనకి మళ్ళీ ఉద్యోగం రాలేదు. హైమ ఒక కూరగాయల గిడ్డంగిలో, చల్లటి గదిలో, బ్రకోలీ పెట్టెలు సర్దే పనికి చేరింది. ఎం.ఏ. చరిత్ర చదివానంటే సూపర్‌వైజరు మంచిదని తలూపి చేతికి గ్లవ్స్ ఇచ్చాడు. వేళ్ళు కొయ్యబారి ఇంటికొస్తే శివప్రసాద్ ఆ చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దేవాడు. “నువ్వే లేకపోతే ఏమైపోదుము హైమా. నాకొక్క ఉద్యోగం దొరకనీ, ఆ తర్వాత నీ చదువే” అనేవాడు. ఆ మాట అబద్ధమని ఆమె ఇప్పటికీ అనుకోదు. అన్నప్పుడు నిజమే. ఉద్యోగం వచ్చింది, ఈ ఇల్లొచ్చింది. “ఇంక నీకెందుకు ఈ కష్టాలు, మహారాణిలా ఇంట్లో ఉండు” అన్నాడు. అత్తగారు ఫోన్లో ఇంకో మాట అన్నారు. “వాడు ఇంట్లో కూర్చుంటే నువ్వు కూలికెళ్ళావని ఎక్కడా అనకమ్మా. మగాడి పరువు.” అలా ఆ రెండేళ్ళూ ఆయన ఇంటి నుంచి కన్సల్టింగ్ చేశారన్న కథ పుట్టింది. ఆ కథని నలుగురిలో ఎవరైనా ఎత్తితే తల ఊపే పని కూడా హైమదే అయింది.

ఇప్పుడామె పిలిచినప్పుడల్లా వెళ్ళి ఒక చైల్డ్‌కేర్‌లో పిల్లల ముక్కులు తుడిచి వస్తోంది. కిందటేడు చరిత్ర టీచరు అవడానికి యూనివర్సిటీలో సీటు వచ్చింది. అత్తగారు ఆరు నెలలుండటానికి వస్తున్నారని అది వాయిదా పడింది. ఈసారి సీటు మళ్ళీ వచ్చింది. సోమవారం లోగా సరేనంటే సరి, లేకపోతే ఇంక వాయిదా ఉండదు. వారం నుంచీ ఆమె భర్తతో ఈ మాట ఎత్తుతూనే ఉంది, ఆయన “చూద్దాంలే” అంటూనే ఉన్నాడు.

అట్ల పళ్ళెం పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళింది. మగవాళ్ళు సోఫాల్లో కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు వంటింటి బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు, వాళ్ళ వంతు ఆఖర్న. ఎవరూ పెట్టిన రూలు కాదది, అలా జరిగిపోతూ ఉంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన శ్రీదివ్య హైమ చేతిలో పళ్ళెం అందుకోబోతూ అడిగింది.

“ఆంటీ, మీరు యూనికి వెళ్తున్నారంట కదా. సూపర్ ఆంటీ.”

హైమ నోరు తెరిచేలోగా సోఫాలోంచి శివప్రసాద్ జవాబు వచ్చింది.

“లేదమ్మా, మానేసింది. గీతికది ఇయర్ ట్వెల్వ్ కదా, ఇంట్లో మనిషుండాలి. నేనేం అన్లేదు సుమా, తనే వద్దనుకుంది.”

తనే వద్దనుకుంది. చెవులు వేడెక్కాయి హైమకి. వద్దన్నా బాగుండేది. వద్దంటే పోట్లాడవచ్చు. ఆయన వద్దనే శ్రమ కూడా పడకుండా, ఆ మాట ఆమె నోట్లో పెట్టేశాడు. ఆమె అట్లు వడ్డిస్తూ నిలబడింది. కోపంతో విసురుగా వేస్తే ఒక అట్టు కంచం అంచు మీద పడింది.

శివప్రసాద్ అది గమనించలేదు. ఆయన మంచి ఊపులో ఉన్నాడు. “హైమా, అంకుల్‌కి ఆ మూడు ముక్కలూ చెప్పవూ. మా ఆవిడ ఫ్రెంచివాళ్ళ ఊరి పిల్లండోయ్!” అన్నాడు. అంకుల్ అంటే నాగభూషణం గారు, ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడిన ఇంజనీరు, పెద్దాయన. ఈ ముచ్చట ప్రతి విందులోనూ ఉండేదే. యానాం ఫ్రెంచి పాలనలో ఉన్నప్పుడు హైమ తాత అక్కడి కచేరీలో గుమాస్తా. చిన్నప్పుడు మనవరాలిని అరుగు మీద కూర్చోబెట్టుకుని, గొంతులోంచి రకారం పలికిస్తూ విప్లవం నాటి ఆ మూడు మాటలూ నేర్పాడు.

“లిబెర్తే, ఎగాలితే, ఫ్రతెర్నితే,” అంది హైమ.

అందరూ చప్పట్లు కొట్టారు.

“స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం,” అన్నారు నాగభూషణం గారు తన్మయంగా. “మనల్ని ఇంగ్లీషువాడు తొక్కి నారతీస్తుంటే మీవాళ్ళు ఆ జెండా కింద పెరిగారు. అదృష్టవంతులమ్మా మీ యానాం వాళ్ళు.”

మామూలుగా అయితే ఇక్కడ హైమ నవ్వి గరాజులోకి వెళ్ళిపోవాలి. ఆమె వెళ్ళలేదు. ఖాళీ పళ్ళెం బల్ల మీద పెట్టింది.

“మా అమ్మమ్మ పెళ్ళి ఆ జెండా కిందే అయిందండి అంకుల్,” అంది.

కూర్చోకుండానే, క్లాసులో చెప్పినట్టు చెప్పింది. అమ్మమ్మ పేరు చాముండేశ్వరి, పుట్టింది తాళ్ళరేవులో, అది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదని అక్కడ చట్టం వచ్చింది. పక్కనే యానాంలో ఆ చట్టం లేదు. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా పసిపిల్లల్ని బళ్ళకెక్కించుకుని యానాం దారి పట్టారు. ఒక్కో ముహూర్తానికి వీధి వీధికీ పందిళ్ళే. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. అమ్మమ్మకి ఎనిమిదేళ్ళు. బండిలో నిద్రపోయి, యానాంలో లేచింది. కచేరీ మీద మూడు రంగుల జెండా ఎగురుతోంది. అదెవరిది నాన్నా అని అడిగింది. స్వేచ్ఛ ఇచ్చేవాళ్ళదే తల్లీ, పడుకో అన్నాడు వాళ్ళ నాన్న.

“ఎవరికిచ్చారో అప్పుడే అడగాల్సిందే, నిద్రమత్తులో ఊరుకున్నాను అనేదండి పోయేదాకా. తాత నాకు అరుగు మీద ఈ మూడు మాటలూ నేర్పుతుంటే, ఆవిడ లోపల ఎసరు పెడుతుండేది.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాకినాడ క్లాసులో వచ్చే నిశ్శబ్దం అది, హైమ వెంటనే గుర్తుపట్టింది. నాగభూషణం గారు కంచంలోకి చూసుకుంటున్నారు.

శివప్రసాద్ గట్టిగా నవ్వాడు. “చూశారా, వదిలితే గంట చెబుతుంది. లెక్చరర్ బుద్ధులు పోలేదు. హైమా, అంకుల్ కంచం ఖాళీగా ఉంది, ఇంకో అట్టు తీసుకురా.”

హైమ బల్ల వైపు చూసింది. శ్రీదివ్య, పక్కన మరో ముగ్గురు, గరాజు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డ గీతిక, తను. గీతిక కూడా కళ్ళతోనే లెక్కపెట్టినట్టుంది, తల్లి వైపు చూసి చిన్నగా ఆరు వేళ్ళు చూపించింది.

“నేను వద్దనుకోలేదండీ,” అంది హైమ భర్తతో. గొంతు పెంచలేదు. “సీటు తీసుకుంటున్నాను. సోమవారం దాకా ఆగను, ఇవాళే సరేనని చెప్పేస్తాను.”

“అదంతా తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు కాలేజీకెళితే ఇంట్లో వంటో?”

ఆయన తమాషాకే అన్నాడు. ఎవరో ఒకరిద్దరు నవ్వారు కూడా. హైమకి అత్తగారి మాట, మగాడి పరువు, గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పరువుని ఆమె కళ్ళలో పెట్టుకుని కాపాడింది. కానీ అందులో దాచాల్సిన సిగ్గేముందో ఆమెకి ఎంత ఆలోచించినా దొరకలేదు. నిజం చెప్పాలంటే ఆయన్ని ఆమె అన్నిటికంటే ఎక్కువ ప్రేమించింది ఆ రెండేళ్ళలోనే. ఆయన మర్చిపోవాలనుకున్నది ఆ మనిషినే అని తెలిసి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

“అంకుల్,” అంది నాగభూషణం గారి వైపు తిరిగి, “ఈయన పెసరట్టు మీరు తినలేదు. నాకంటే బాగా వేస్తారు. ఈయనకి ఉద్యోగం లేక నేను గిడ్డంగిలో పెట్టెలు మోసిన రెండేళ్ళూ మా ఇంట్లో వంట ఈయనదే. చంటిపిల్లని చంకనేసుకుని పిండి రుబ్బేవారు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి పెనం మీంచి నేరుగా నా కంచంలో పడేది. మధ్యలో హాట్‌ప్యాక్ ఉండకూడదన్న సిద్ధాంతం అప్పుడు పుట్టిందే.”

శివప్రసాద్ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. భార్య వైపు చూశాడు. ఆమె చూపులో ఎగతాళి వెతికాడు, దొరకలేదు.

“నిజమేనటయ్యా ప్రసాదూ?” అన్నారు నాగభూషణం గారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు.

శివప్రసాద్ తల ఊపాడు. సోఫాలోంచి లేచాడు గానీ ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడిపోయాడు. హైమ ఆయన దగ్గరికి వెళ్ళి, తన ఒంటి మీది ఉన్ని కోటు విప్పి చేతికిచ్చింది. తర్వాత ఆయన లేచిన చోటే సోఫాలో కూర్చుని, ఒక ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుంది.

“గరాజులో చలిగా ఉందండీ, ఇది వేసుకెళ్ళండి,” అంది. “అంకుల్‌కి ఒకటి, నాకొకటి.”