ఆగని అంచు

అది పంతొమ్మిది వందల తొంభైమూడు. కరీంనగర్ బస్టాండు వెనక మేడమీదున్న కంప్యూటర్ సెంటర్లో నాకు ఆ రోజు పరీక్ష. పాసైతే మిగతా కోర్సు ఫీజు లేకుండా నేర్పుతారు. తప్పితే సిరిసిల్లలో మా నాన్న, బాపు పక్కన నిలబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపాలి. పాస్ కాకుండా ఇంటికి పోయేది లేదని బస్సెక్కినప్పుడే అనుకున్నాను.

రామచంద్రం సార్ ప్రశ్న చెప్పాడు. రెండు వరుసల చీర అంచును తెరమీద పదిసార్లు వేయాలి. చుట్టూ అందరూ ఇరవై వరుసలూ టకటకా కొడుతున్నారు. నాకు నవ్వొచ్చింది. మా సాంచా మీద డిజైన్ కోసం నాలుగు చెక్కపట్టీలు గొలుసుగా కడతారు. గొలుసు తిరిగినకొద్దీ అదే పువ్వు మళ్ళీ మళ్ళీ పడుతుంది. నేనూ అలాగే రెండు వరుసలే రాసి, కింద "గోటూ 10", అంటే పదో నంబరు వేసిన మొదటి వరుసకే మళ్ళీ పో, అని పెట్టాను.

నడిపితే అంచులు పరుగెత్తాయి. పది దాటాయి, వంద దాటాయి. ఆగవే!

సార్ మీట నొక్కి ఆపేశాడు. "గిదేంది నర్మదా? పది అంటే గిన్నా? ఇంక పది నిమిషాలే ఉన్నయ్."

నామీద నాకే ఒళ్ళు మండింది. గొలుసుకు లెక్క తెలియదు కదా! పడుగు, అంటే నిలువు పోగులు, పోసేటప్పుడే ఒక్కో చీర పొడవుకు రంగు గుర్తు పెడతారు. అది కనబడితేనే బాపు సాంచా ఆపుతాడు. ఇక్కడ గుర్తు పెట్టాల్సింది నేనే, పెట్టలేదు. అంచు పడ్డప్పుడల్లా ఒకటి కలుపు, పది కాకపోతేనే వెనక్కి పో అని రాశాను. ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను.

పది అంచులు పడి ఆగింది. సార్ వేలితో లెక్కపెట్టాడు. "మరి వెయ్యి గావాలంటే?"

పది చెరిపి వెయ్యి పెట్టాను. పక్కవాళ్ళు చేతులెత్తేశారు.

"రేపు పొద్దుగాల రా. ఫీజు వద్దు" అన్నాడు సార్.

ఇంటికెళ్ళేసరికి బాపు సాంచాల మధ్య ఒక్కడే తిరుగుతున్నాడు. "బాపూ, పాసైన! రేపటి సంది నీ పనిల ఇంకొకల్లను పెట్టుకో!" అని అరిచాను. మాట బయటపడ్డాక, ఇంకొకరికి కూలి ఎక్కణ్ణుంచి ఇస్తాడని తోచింది.

బాపు తెగిన పోగు ముడేసి నావైపు తిరిగాడు. "ఇంకొకల్లు ఎందుకు బిడ్డా? నేనే సూసుకుంట. నువ్వు మాత్రం మల్ల ఈ సాంచాల దిక్కు రాకు."