రెండు డిస్కుల పెండ్లికార్డు

నందికొట్కూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ డీటీపీ సెంటరు శ్రీదేవి, షమీమ్ ఇద్దరూ కలిసి పెట్టుకున్నది. కంప్యూటరు మాత్రం ఒకటే. శ్రీదేవి దాని మీద తెలుగు కొట్టేది. షమీమ్ ఉర్దూ కొట్టాలని ఆశపడేది. కానీ అందులో ఉన్న పాత విండోస్ 98కి ఉర్దూ పడేది కాదు. కలిసి ఉండాల్సిన అక్షరాలు దేనికది విడిపోయి, చెదిరిన చీమల్లా కనిపించేవి.

కొత్తగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వేసుకుంటే ఉర్దూ ముత్యాల్లా వస్తుందని షమీమ్ కర్నూలులో కళ్లారా చూసి వచ్చింది. చిక్కల్లా శ్రీదేవి తెలుగు సాఫ్ట్‌వేరుతోనే. అది ఎక్స్‌పీలో నడవదు. దాన్ని ఎక్కించిన మనిషి ఊరు విడిచి పోయాడు, సీడీ పగిలిపోయింది. ఒకసారి చెరిపితే మళ్లీ దొరికేది కాదు.

"నీ ఉర్దూ కోసం నా చేతులు విరగ్గొట్టుకోమంటావా?" అంది శ్రీదేవి ఒకనాడు. ఆ మాట షమీమ్‌కు ముల్లులా దిగింది. అప్పటినుంచి ఆ ఊసు ఎత్తడం మానేసింది. ఉర్దూ పని అడిగి వచ్చినవాళ్లను కర్నూలుకు పంపుతూ, తను జెరాక్సు తీస్తూ కూర్చునేది.

అట్లాంటి రోజుల్లో బండల వ్యాపారి పీర్ బాషా కూతురి పెండ్లికార్డు కోసం వచ్చాడు.

"పెండ్లికొడుకు వాళ్లది కడప. ఆ పెద్దోళ్లకు ఉర్దూ కావల్ల. ఈడ నా దోస్తులందరికీ తెలుగు కావల్ల. ఒకే కార్డుకు ఆ పక్క అది, ఈ పక్క ఇది ఉండల్ల. మీతో కాదంటే చెప్పండి, కర్నూలుకు పోతా."

శ్రీదేవి నోరు తెరిచేలోగా షమీమ్ అనేసింది. "అవుతాది చాచా. కర్నూలు దాకా ఎందుకు?"

ఆయన వెళ్లాక శ్రీదేవి ఆమె వైపు తిరిగింది. "ఉర్దూ యాడ నుంచి తెస్తావు?"

"తెలీదక్కా. ఈ పని గూడా పంపిచ్చేస్తే నేనింక ఈడ ఎందుకుండాలో గూడా తెలీదు."

మరునాడు పొద్దున్నే ఇద్దరూ కంప్యూటరును ఆటోలో పెట్టుకుని రిపేరు చేసే సుంకప్ప దగ్గరికి పోయారు. సుంకప్ప డబ్బా విప్పి, హార్డ్‌డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టి, లోపలి దుమ్ము దులుపుతూ అంతా విన్నాడు.

"ఒకే డిస్కులో రెండూ పెట్టొచ్చమ్మా. కానీ అట్లే చెయ్యబోయి ఒకాయనది మొత్తం పోగొట్టినా. మళ్లా ఆ పాపం నాకొద్దు."

షమీమ్ చూపు బల్ల మీదున్న డిస్కు మీద నిలిచింది.

"అన్నా, ఇది ఊడదీసి పెట్నావు గదా. ఇప్పుడు నువ్వు ఆ డబ్బాలో ఏం చేసినా దీనికేమన్నా అవుతాదా?"

"దీనికేమవుతాది? ఇది బయటుండాది గదా."

"అయితే దీన్ని బయటనే ఉండనీ. ఇంకో డిస్కు తగిలిచ్చి దాంట్లో ఎక్స్‌పీ వెయ్యి. అంతా అయిపోయినాక దీన్ని మళ్లా పెడదాం. ఆన్ చేసేటప్పుడు ఏది కావల్లో మనమే చెప్పుకునే దారుండాదా?"

సుంకప్ప చేతిలో బ్రష్షు ఆగింది. "ఉండాది. ఎఫ్11 నొక్కితే ఏ డిస్కని అడుగుతాది. నాకీ ఆలోచన రాలేదు చూడు."

శ్రీదేవి పాత డిస్కును తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. సుంకప్ప కొత్త డిస్కులో ఎక్స్‌పీ వేసేంతసేపూ దాన్ని కింద పెట్టలేదు. చివరికి రెండూ బిగించి స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. ఏ డిస్కూ కనిపించలేదు. "నాది పోయిందా?" అంటూ శ్రీదేవి లేచింది.

"భయపడాకమ్మా," అన్నాడు సుంకప్ప. "ఒకే వైరుకు రెండు డిస్కులు. రెండూ నేనే పెద్దంటే నేనే పెద్దంటాండాయి." పాత డిస్కు వెనక పిన్నులకున్న చిన్న టోపీలాంటి ముక్కను పీకి, పక్క పిన్నులకు తొడిగాడు. "ఇది చిన్నదని చెప్పినా. ఇప్పుడు వెయ్యండి."

షమీమ్ స్విచ్చి వేసి ఎఫ్11 నొక్కింది. తెర మీద రెండు డిస్కుల పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలిచాయి. ఆమె బాణం గుర్తు కిందికి జరిపి ఎంటరు కొట్టింది. విండోస్ 98 లేచింది. శ్రీదేవి తన ఫైలొకటి తెరిచి, కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించి చూసుకుంది. ఒక్క ఒత్తు కూడా పోలేదు. మళ్లీ ఆపి, ఈసారి పైది ఎంచుకుంటే ఎక్స్‌పీ వచ్చింది. షమీమ్ "బిస్మిల్లా" అని కొట్టింది. అక్షరాలు చేతులు పట్టుకున్నట్టు కలిసిపోయి, కుడినుంచి ఎడమకు సాగిపోయాయి.

"బాగుండాదే," అంది శ్రీదేవి. "ఇంతకాలం నిన్ను జెరాక్సు కాడ కూచోబెడ్తి."

ఆ సాయంత్రం శ్రీదేవి తెలుగు పక్క అచ్చు తీసి లేచింది. షమీమ్ కంప్యూటరును ఆపి, ఎఫ్11తో డిస్కు మార్చి, కార్డులు తిప్పి పెట్టింది. మొదటి కార్డులో ఉర్దూ తలకిందులుగా పడింది. ఇద్దరూ పగలబడి నవ్వి, మిగతావి సరిగా పేర్చారు.

పీర్ బాషా కార్డు అందుకుని ఉర్దూ పక్క పైకి చదివాడు. కూతురి పేరు దగ్గర ఆగి, మళ్లీ చదివాడు. ఆ తర్వాత వెనక్కి తిప్పి, తెలుగులోనూ ఆ పేరే వెతుక్కున్నాడు.

పెండ్లయిన వారానికి కడప నుంచి ఫోనొచ్చింది. చేసింది పెండ్లికొడుకు మేనమామ. ఆయన కొడుకు పెండ్లి కూడా నిశ్చయమైందట.

"పీర్ బాషా మీ నంబరు ఇచ్చినాడు. ఆ కార్డు మీరు కర్నూల్లో యాడ కొట్టిస్తిరమ్మా?"

"కర్నూల్లో కాదు చాచా," అంది షమీమ్, శ్రీదేవికి కూడా వినపడేలా. "నందికొట్కూరులో. మా సెంటర్లోనే."